తెర లేని నాటకం



కోట అనే ఊళ్ళో కాపురముంటూ కోటల ఆటను గురించి వ్రాయవలసి వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. మా కోట మీలో కొందరు చూసినదే. చుట్టూ వరి చేలు, పక్కన స్వర్ణముఖి, తూర్పుకు పోతే రొయ్యల గుంతలు, ఆపైన సముద్రం. మన పిల్లలు చెప్పే కోట వేరు. దానికి బురుజులున్నాయి, కందకం ఉంది, రాజు, మంత్రి, కాపలావాడు, రాజవైద్యుడు అందరూ ఉన్నారు. కాకపోతే ఆ రాజు బెంగుళూరులో ఒక ఆఫీసులో పనిచేసుకునే మనిషి. కాపలావాడు ఏ దేశంవాడో జట్టులో ఎవరికీ సరిగా తెలియదట. రాజవైద్యుడు మాత్రం మన ఆరాధనలో మూడో వరుసలో కూర్చుంటాడు.

ఆ కుర్రవాడు ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. "అయ్యగారూ, రెండేళ్ళుగా ఆ వేషం వేస్తున్నాను. ఇప్పుడు మనసు రావడం లేదు. మానేద్దామంటే ఆరుగురు నాకోసం కాచుకొని ఉంటారు. ఏం చేసేది?" అన్నాడు.

పెద్దవాళ్ళకు ఈ మాట వినగానే, "మనసు రాకపోతే మరీ మంచిది, పీడ విరగడైంది" అనిపిస్తుంది. వాళ్ళమ్మగారు ఆ మాటే అన్నారు. మేము అలా అనలేదు. ఆరుగురు కాచుకొని ఉంటారన్న మాట దగ్గర మా ఆలోచన ఆగింది. ఒక మనిషి రాకకోసం ఆరుగురు ఎదురు చూడటం ఈ రోజుల్లో చిన్న సంగతి కాదు గదా! అందుచేత ఆ ఆట ఏమిటో, అందులో వేషం అంటే ఏమిటో, దాని మీద మనసు ఎందుకు విరుగుతుందో, ఎలా నిలుస్తుందో అడిగీ చదివీ తెలుసుకున్నాము. మన పల్లెటూరి కుటుంబాలలో చాలామంది బిడ్డలు చదువులకని హాస్టళ్ళలోనో, ఉద్యోగాలకని పట్నాలలోనో ఉన్నారు గనుక మీకూ పనికివస్తుందని వ్రాస్తున్నాము.

ఇంటర్నెట్టు ద్వారా వేలమంది ఒకేసారి ప్రవేశించే ఆటలు కొన్ని ఉన్నాయి. కంపెనీవారు ఒక దేశాన్ని కల్పించి పెడతారు. అందులో అడవులు, కొండలు, పట్టణాలు, రాక్షసులు ఉంటారు. ఆడేవాడు ఒక బొమ్మను ఎంచుకొని, దానికి పేరు పెట్టుకొని ఆ దేశంలో తిరుగుతాడు. ఎక్కువమంది రాక్షసులను చంపి, బలం పెంచుకోవడానికే ఆడతారు. కొద్దిమంది మాత్రం ఆ బొమ్మకు ఒక బ్రతుకు కల్పిస్తారు. ఎక్కడ పుట్టాడు, ఎవరికి బాకీ ఉన్నాడు, దేనికి భయపడతాడు, ఎలా మాట్లాడతాడు అన్నీ అనుకొని, అక్కడ ఉన్నంతసేపూ ఆ మనిషిగానే మాట్లాడతారు. సత్రంలో ఇద్దరు కలిస్తే "నీ లెవెలెంత?" అని అడగరు, "ఏ ఊరు ప్రయాణం?" అని అడుగుతారు. కథ ఎవరూ వ్రాసి ఇవ్వరు. ఒకరి మాటకు మరొకరి మాట తగిలి కథ పుడుతుంది. దీన్ని వాళ్ళు రోల్‌ప్లే అంటారు. వేషం కట్టడం అని మనం అనుకుంటే సరిపోతుంది.

దీని పుట్టుక నిన్నటిది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేసి అమ్మారు. అది బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడేది. 1978లో ఇంగ్లాండులోని ఎస్సెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టగా, రిచర్డ్ బార్టిల్ అనే మరొక విద్యార్థి చెయ్యి కలిపి, కంప్యూటరులో పలువురు కలిసి ఆడే 'మడ్' అనే ఆటను తయారు చేశారు. అందులో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటను లక్షలమంది ఆడారు. వేషధారులకోసం అందులో కొన్ని సర్వర్లను ప్రత్యేకించారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు పోదాము. రమ్మీ, పోకర్ వంటి డబ్బు ఆటలతో దీన్ని కలపకండి. వాటిని మన రాష్ట్రంలో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వేషాల ఆటలో పందెం లేదు. ఇందులో ఖర్చయ్యేది ముఖ్యంగా కాలం. కాలమూ ఖర్చేనని తల్లిదండ్రులు అంటే మేమూ ఒప్పుకుంటాము, ఆ సంగతికి తర్వాత వస్తాము.

తోలుబొమ్మలాట చూసిన పెద్దలకు ఈ ఆట వెంటనే అర్థమవుతుంది. తెర వెనుక మనిషి, తెర మీద బొమ్మ, మనిషి గొంతు బొమ్మ నోట. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా కుటుంబాల చేతుల్లో ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మలాట రాత్రి పొద్దుపోయి మొదలై తెల్లవార్లూ సాగేది. చూసేవారికి కునుకు పట్టే వేళకు కేతిగాడు, బంగారక్క తెర మీదికి దిగేవారు. అసలు కథకూ వాళ్ళకూ సంబంధం లేదు. ఊళ్ళో సంగతులు మాట్లాడి, పోట్లాడుకొని, నవ్వించి పోయేవారు. (వాళ్ళ మాటల్లో కొన్ని పిల్లలు వినదగినవి కావని మా పెద్దవాళ్ళు చెవులు మూసేవారు, అది వేరే సంగతి.) నిద్ర వదిలాక మళ్ళీ అసలు కథ నడిచేది. ఈ కేతిగాణ్ణి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఇలాంటి తోలుబొమ్మల కుటుంబమే బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడింది. వనారస గోవిందరావుగారు దాన్ని ఒక నాటక సమాజంగా నిలబెట్టారు. సురభి అనే ఊరి పేరే వాళ్ళ ఇంటిపేరులాగ స్థిరపడిపోయింది. ఆ రోజుల్లో నాటకాలలో ఆడవేషాలు మగవారే వేసేవారు. సురభివారి ఇళ్ళలో ఆడవారే రంగమెక్కారు. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డే. కాలక్రమంలో ఆ వంశం అనేక సమాజాలుగా చీలి ఊరూరా తిరిగింది, సినిమాలు వచ్చాక చాలా సమాజాలు మూతబడ్డాయి. నిలిచినవాటిలో ఒకదాన్ని ఆఖరిదాకా నడిపిన 'బాబ్జీ' అనే సురభి నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కాలం చేశారు.

మేము సురభివారి ఊసు ఎత్తడానికి కారణం ఉంది. అదే 'మాయాబజారు', అదే 'పాతాళభైరవి' తరతరాలుగా ఆడుతున్నవారికి విసుగు రాదా? వస్తుంది, మనుషులే గదా. కాని విసుగు వచ్చినవాణ్ణి ఒంటరిగా వదలని ఏర్పాటు ఒకటి వాళ్ళ మధ్య ఉంది. సమాజం అంటే అక్కడ కుటుంబమే. తాత, కోడలు, మనుమడు ఒకే రంగం మీద నిలబడతారు. పసివాడుగా కృష్ణుడి వేషం వేసినవాడు పెరిగితే అభిమన్యుడవుతాడు, ఒళ్ళు వస్తే ఘటోత్కచుడవుతాడు. వేషం లేని రాత్రి తెరతాడు లాగుతాడు, దీపాలు చూస్తాడు, టిక్కెట్లు చింపుతాడు. రంగం మీద వాన కురవాలన్నా, మనిషి గాలిలో తేలాలన్నా వెనుక తాళ్ళూ తీగలూ పట్టుకున్న చేతులు ఉండాలి. ఒకడు పరధ్యానంగా ఉంటే ఇంకొకడు కింద పడతాడు. అలాంటి చోట "నాకు మనసు రావడం లేదు" అనే మాటకు అర్థమే మారిపోతుంది.

మా రాజవైద్యుడి చిక్కు కూడా ఇక్కడే ఉందని మాకు తోచింది. నెమ్మదిగా అడిగితే బయటపడింది. మొదట జట్టులో తొమ్మిదిమంది ఉండేవారట. ఇద్దరు ఉద్యోగాలలో పడి మానుకున్నారు. వాళ్ళిద్దరితోనే ఇతని కథ ఎక్కువగా ముడిపడి ఉంది. ఒకడు ఇతనికి తమ్ముడి వేషం, ఒకడు ఇతనికి బద్ధశత్రువు. ఇప్పుడు వైద్యశాలలో కూర్చుంటే వచ్చి పలకరించే నాథుడు లేడు. ఏదో ఒక మాట టైపు చేస్తాడు, జవాబు రాదు. ఇంకొకరి కథలో తల దూర్చడానికి మొగమాటం. ఇక మనసు ఎలా వస్తుంది? ఒక్క చేత్తో చప్పట్లు మోగవు గదా. తన ఉత్సాహం ఎండిపోయిందని ఆ కుర్రవాడు అనుకుంటున్నాడు. నిజానికి ఎండింది ఉత్సాహం కాదు, బదులు పలికే నోరు కరువైంది.

అందుకు మందు కూడా అక్కడే ఉంది. తన కథ చెప్పడం ఆపి ఎదుటివాడి వేషాన్ని ఒక ప్రశ్న అడగడం. "నీ భుజానికి ఆ గాయం ఎలా అయింది?" అని వైద్యుడు కాపలావాణ్ణి అడిగితే, ఆ కాపలావాడు ఎన్నాళ్ళనుండో చెప్పుకోవాలని దాచుకున్నది చెబుతాడు. స్త్రీల సమాజం కూటాలు నడిపే మన అక్కలకు ఈ కిటుకు ఎవరూ నేర్పనక్కరలేదు. నోరు విప్పని చెల్లెలిని పాట పాడమని అడగరు, "మీ మనుమరాలికి జ్వరం తగ్గిందా?" అని అడుగుతారు. ఆ తర్వాత ఆమెను ఆపడమే కష్టం.

జట్టు పెద్దది కానక్కరలేదు. ముగ్గురు చాలు, వారంలో ఒక రోజు చాలు. అయితే ఆ రోజు, ఆ గంట ఖాయంగా ఉండాలి. ఎవరికి తీరినప్పుడు వాళ్ళు వస్తే ఎవరికీ ఎవరూ దొరకరు. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు అనుకుంటే, బుధవారం పగలంతా కూలిపనిలో ఉన్నా, క్లాసులో ఉన్నా, మనసులో ఒక మూల ఆ కథ ఉడుకుతూ ఉంటుంది. ఆ ఉడుకులోంచే ఉత్సాహం పుడుతుంది.

ఇందాక చెప్పిన రిచర్డ్ బార్టిల్ 1996లో ఒక వ్యాసం వ్రాసి, ఇలాంటి ఆటలకు వచ్చేవారిని నాలుగు రకాలుగా విడదీశాడు. ఆయన వాటికి పేకముక్కల గుర్తులు పెట్టాడు గనుక పెద్దలు మన్నించాలి. డైమన్లు నిధులకోసం, పై మెట్టుకోసం ఆడేవారు. ఇస్పేట్లు ఆ దేశమంతా తవ్వి చూడాలనే ఆత్రం గలవారు. ఆఠీన్లు మనుషులకోసం వచ్చేవారు. కళావర్లు ఎదుటివాణ్ణి కొట్టి సంతోషించేవారు. వేషం మీద ప్రేమతో వచ్చిన ఆఠీను ఒకడు పక్కవాడి నిధులు చూసి డైమనుగా మారిపోతే ఏమవుతుంది? లెక్కలు మొదలవుతాయి. నాకు ఎంత బలం పెరిగింది, వాడికి ఎంత? లెక్క ముగిసిన రోజున ఆట ముగుస్తుంది. మా కుర్రవాడు మధ్యలో ఆరు నెలలు ఇలా లెక్కల్లో పడ్డాడని తానే చెప్పాడు. ఆ ఆరు నెలల్లో తమ్ముడి వేషంవాడితో సరిగా నాలుగు మాటలు మాట్లాడలేదట.

ఆ ఆరు నెలల ఫలితంగా ఆ రాజవైద్యుడు నయం చేయలేని జబ్బు ఆ దేశంలో మిగల్లేదు. అదే ఇంకో చిక్కు. అన్నీ వచ్చినవాడికి చెప్పుకోవడానికి ఏముంటుంది? ఈ సంగతిలో మాకు మన నెల్లూరు నాటకమే గుర్తుకు వచ్చింది. వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853-1929) మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చాలాకాలం సంస్కృత పండితులు. నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని నాటక సమాజం వెనుక ఉన్నది ఆయనే. ఆయన 1897లో వెలువరించిన 'ప్రతాపరుద్రీయం' నాటకంలో రాజు శత్రువుల చేతికి చిక్కుతాడు. అప్పుడు రాజు పోలికలున్న పేరిగాడికి, బట్టలుతికి బ్రతికే మనిషికి, రాజు వేషం కట్టవలసి వస్తుంది. నూరేళ్ళు దాటినా ఆ నాటకం పేరెత్తితే చాలామందికి ముందు గుర్తుకు వచ్చేది పేరిగాడే. ఎందుచేత? రాజు రాజుగా ఉండటంలో వింత లేదు. పేరిగాడు రాజుగా కూర్చుంటే, ఏ క్షణాన నోరు జారుతాడో అని మనం ఊపిరి బిగబట్టి చూస్తాము. వేషానికీ మనిషికీ మధ్య ఆ సందు ఉన్నంతకాలం ఆసక్తి ఉంటుంది.

శాస్త్రిగారు అందులో ఇంకొక పని చేశారు. ఎవరి భాష వారికి ఇచ్చారు. మంత్రి మంత్రిలాగ, పేరిగాడు పేరిగాడిలాగ మాట్లాడతారు. దానికి ఆయన పెట్టిన పేరు పాత్రోచిత భాష. నాటకమంతా ఒకే గ్రాంథికంలో ఉండాలని పట్టుబట్టే పండితులు ఆ రోజుల్లో దీన్ని మెచ్చలేదు. నాటకం మాత్రం బ్రతికింది. వేషం తన మాటతోనే బ్రతుకుతుందని మా అభిప్రాయం కూడా. కత్తి, కిరీటం ఎవరికైనా దొరుకుతాయి. ఆ కాపలావాడు "చిత్తం" అంటాడా, "ఊఁ" అంటాడా, కోపం వస్తే నోరు మూసుకుంటాడా, సామెత వదులుతాడా అన్నది నిర్ణయించుకుంటే మనసు రాని రోజున కూడా ఆ మాట తీరే వేషాన్ని నడిపిస్తుంది.

మేము ఆ కుర్రవాడితో, "నీ వైద్యుడి చెయ్యి కొంచెం వణకనియ్యవయ్యా" అన్నాము. ఎదుటివాళ్ళకు అతన్ని ఆదుకునే అవకాశం దొరుకుతుంది, ఒక శిష్యుడు కావలసి వస్తాడు, దాచుకోవలసిన రహస్యం ఒకటి పుడుతుంది. అతను నవ్వి, "అదీ కుదరకపోతేనో?" అన్నాడు. అదీ కుదరకపోతే కేతిగాడు. కొన్నాళ్ళు వైద్యుణ్ణి కాశీకి పంపేసి, అదే ఊళ్ళో సత్రం ముందు జామకాయలు అమ్ముకునే చిన్న వేషం ఒకటి కట్టు. పెద్ద కథ భారం నీ మీద ఉండదు. వచ్చేపోయేవారిని నవ్వించి పంపు. తోలుబొమ్మలవారు ప్రతి రాత్రీ చేసింది ఇదే గదా.

ఇక ఈ ఆటలో అన్నిటికంటే ప్రమాదమైన సంగతి, దీనికి తెర లేకపోవడం. నాటకానికి తెర పడుతుంది, రంగు కడుక్కుంటారు, అన్నం తింటారు, పడుకుంటారు. జాతరకు వేసే నాటకం తెల్లవార్లూ నడిచినా అది సంవత్సరానికి ఒకసారి. ఈ దేశానికి రాత్రి లేదు, పగలు లేదు. ఇక్కడ మనం పడుకునే వేళకు ఇంకో దేశంవాడు నిద్ర లేచి సత్రం తలుపు తట్టుతాడు. మొదట్లో ఉత్సాహంతో ఆరు గంటలు, ఏడు గంటలు కూర్చుంటారు. రెండు నెలలకు మొహం మొత్తుతుంది. కడుపు నిండినవాడికి బిరియానీ అయినా చేదే. తెర పడని చోట ఎవరి తెర వాళ్ళే దించుకోవాలి. కథ మంచి పట్టులో ఉండగానే లేచిపోయేవాడు మరుసటి వారానికి తప్పక తిరిగి వస్తాడు. బాగా అలసిపోయేదాకా కూర్చున్నవాడు రావడానికి బద్ధకిస్తాడు.

రంగు కడుక్కోవడం కూడా ముఖ్యం. మన సంఘాలలో ప్రతి డిసెంబరులో పిల్లలు నాటిక వేస్తారు. హేరోదు వేషం వేసిన పిల్లవాణ్ణి మళ్ళీ డిసెంబరు దాకా "ఏమోయ్ హేరోదూ" అని పిలవడం మన ఊళ్ళలో అలవాటు. వాడు మొదట నవ్వుతాడు, ఉగాదికల్లా ఏడుస్తాడు, తర్వాతి ఏడు వేషం వేయనంటాడు. ఆన్‌లైన్ జట్లలో కూడా ఇదే తగవు. శత్రువు వేషంవాడు వేషంగా అన్న మాటను మనిషిగా పట్టుకొని నెలల తరబడి మాట్లాడుకోనివారున్నారు. అందుకే పాత జట్లు వేషంలో అన్న మాటకూ బయట అన్న మాటకూ వేరు వేరు గుర్తులు పెట్టుకుంటాయి. కొందరు బయటి మాటలను బ్రాకెట్లలో వ్రాస్తారు. ఘాటైన పోట్లాట సన్నివేశం అయిన తర్వాత, బ్రాకెట్టులో "బాగా చేశావు తమ్ముడూ, నొచ్చుకోలేదు గదా?" అని ఒక్క మాట. మన పగటివేషగాళ్ళు రోజుకొక వేషంతో వచ్చి ఊరిని నమ్మించి, చివరి రోజున మామూలు మనుషులుగా వచ్చి సంభావన అడిగేవారు. ఆ చివరి రోజు లేకపోతే వాళ్ళను ఊరు మళ్ళీ రానిచ్చేది కాదు.

ఆ నాటికల్లోనే మూడో గొల్లవాడు ఒకడుంటాడు. ఒక్క మాటా ఉండదు వాడికి. రెండో రిహార్సలుకే వాడు గోళీలాటకు పోతాడు. అనుభవమున్న ఆదివారపు బడి టీచరమ్మ ఏం చేస్తుందంటే, వాడి చేతిలో ఒక నిజమైన గొర్రెపిల్లను పెడుతుంది. అంతే, ఇక వాడు కదలడు. వేషం వేసేవాడికి చేతిలో పని ఉండాలి. ఆన్‌లైన్ జట్టులో కొత్తగా వచ్చినవాడు నెలకే మాయమవుతున్నాడంటే, వాడికి గొర్రెపిల్లను ఇచ్చినవారు లేరన్నమాట.

వేషం ఎంత దూరం నిలుస్తుందో చెప్పడానికి నార్వే దేశపు మాట్స్ స్టీన్ కథను మించింది మాకు కనబడలేదు. అతను 1989లో పుట్టాడు. డుషెన్ అనే కండరాల జబ్బు పుట్టుకతోనే ఉంది. ఒక్కొక్క కండరమూ క్షీణించిపోయే జబ్బు అది, మగపిల్లలకే ఎక్కువగా వస్తుంది. చిన్నతనంలోనే చక్రాల కుర్చీ తప్పలేదు. పెద్దవాడయ్యాక వేళ్ళ కదలిక కొద్దిగా మిగిలింది. దానితోనే అతను 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆడేవాడు. తల్లిదండ్రులు రాబర్ట్, ట్రూడే మంచివారు, బిడ్డను కంటికి రెప్పలా చూసుకున్నారు. కాని తమ బిడ్డకు స్నేహితులు లేరే, తెర ముందు ఒంటరిగా బ్రతుకు గడిచిపోతున్నదే అని దుఃఖపడ్డారు. 2014 నవంబరులో, 25 ఏళ్ళ వయస్సులో మాట్స్ చనిపోయాడు.

అతను ఇంటర్నెట్టులో తన జీవితాన్ని గురించి వ్రాసుకునే పుట ఒకటి ఉంది. దాని పాస్‌వర్డు తండ్రికి చిక్కింది. బిడ్డ పోయిన సంగతి తండ్రి అందులో నాలుగు వాక్యాలు వ్రాసి పెట్టాడు. ఎవరూ చదవరనే అనుకున్నాడు. జవాబులు మొదలయ్యాయి. ఒక దేశం నుండి, ఇంకొక దేశం నుండి, పేజీలకు పేజీలు. మాట్స్ 'స్టార్‌లైట్' అనే జట్టులో ఇబెలిన్ అనే వేషం వేసేవాడని, ఆ ఇబెలిన్ తమకు ఎంత ఆప్తుడో చెబుతూ వచ్చిన ఉత్తరాలవి. కదలలేని మాట్స్ ఆ వేషంలో ఊళ్ళన్నీ పరుగెత్తేవాడు. తల్లిదండ్రులు కంప్యూటరు తీసేసుకోగా దిగులుపడిన ఒక డచ్ అమ్మాయికోసం, వాళ్ళ ఇంటికి తన పేరుతో ఉత్తరం వ్రాసి పంపాడు. ఇల్లు కదలని తన కుమారుడితో మాట కలవక కుమిలే ఒక డెన్మార్కు తల్లికి, కొడుకుతో ఆ ఆటలోనే మాట కలపమని ఉపాయం చెప్పాడు. అంత్యక్రియలకు జట్టువారు కొందరు వేరే వేరే దేశాల నుండి ప్రయాణమై వచ్చారు. వాళ్ళలో ఎవరూ అంతకుముందు మాట్స్ ముఖం చూసినవారు కారు. బెంజమిన్ రీ అనే దర్శకుడు దీన్ని సినిమాగా తీస్తే 2024లో సండాన్స్ చిత్రోత్సవంలో బహుమతులు వచ్చాయి.

ఆ కథలో మాకు ముఖ్యమనిపించింది వేరొకటి ఉంది. మాట్స్‌కు కూడా మనసు విరిగిన కాలం వచ్చింది. జబ్బు సంగతి జట్టుకు చాలాకాలం చెప్పలేదు. చెప్పితే జాలిపడతారని భయం. జబ్బు ముదిరేకొద్దీ జట్టువారి మీద చిరాకుపడ్డాడు, దూరమయ్యాడు, కొందరిని నొప్పించాడు. చివరికి తానే తన పరిస్థితిని వ్రాసి బయటపెట్టాడు. అప్పుడు వాళ్ళు ఇబెలిన్‌ను వదలలేదు, మాట్స్‌ను కూడా దగ్గరకు తీసుకున్నారు. వేషం మీద మనసు నిలవకపోవడానికి కొన్నిసార్లు వేషంలో లోపం ఏమీ ఉండదు. వేషం వెనుక మనిషి తన భారాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోవడమే ఉంటుంది. అలాంటప్పుడు కొత్త వేషం వేసినా, గంటలు తగ్గించినా ఫలితముండదు. జట్టులో నమ్మదగిన ఒక్కరికి, బ్రాకెట్టులో, ఒక్క మాట చెప్పుకోవాలి. మా కుర్రవాడి సంగతి అది కాదులెండి. అయినా అతన్ని కూడా అడిగాము, అడగడం మా పని గనుక.

తల్లిదండ్రులు భయపడవలసిన సందర్భాలు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుండి అమలులో పెట్టిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనం కూడా ఉంది. ఆడటం మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళకు కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఒక సంవత్సరంపాటు కనబడితే డాక్టరుకు చూపించాలి. వారానికి రెండు రాత్రులు స్నేహితులతో వేషం కట్టే పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు. పరీక్ష మానేసి, అన్నం మానేసి, తెల్లవార్లూ కూర్చునేవాడు వస్తాడు. ఇద్దరినీ ఒకే కర్రతో కొట్టవద్దని మనవి.

ఇన్ని చేసినా మనసు రాకపోతే మానుకోవడం తప్పు కాదు. కాని మాయమైపోకూడదు. ఆరుగురు కాచుకొని ఉన్న చోట వాళ్ళకు ముందుగా చెప్పాలి, వేషానికి ఒక ముగింపు ఇవ్వాలి. రాజవైద్యుడు శిష్యుడి చేతిలో తాళాలు పెట్టి, సత్రంలో అందరితో ఒక పూట భోజనం చేసి, తెల్లవారుజామున గుర్రమెక్కి పోవచ్చు. మిగిలినవాళ్ళ కథ ఆగిపోదు, ఇతను రెండేళ్ళకు తిరిగి వస్తే తలుపు తెరిచే ఉంటుంది.

పిల్లలను దూరం పంపిన తల్లిదండ్రులకు ఒక పని చెబుతాము. రాబర్ట్, ట్రూడేలకు బిడ్డ స్నేహితులు తెలిసింది పాస్‌వర్డు చిక్కబట్టి. అది చిక్కకపోతే ఆ ఉత్తరాలు వచ్చేవి కావు, సమాధి దగ్గర ఆ స్నేహితులు నిలబడేవారూ కారు. ఈసారి బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, "ఆ ఆటలో నీ పేరేమిటి? నీ జట్టు పేరేమిటి? నువ్వు రాకపోతే ముందు ఎవరు అడుగుతారు?" అని అడిగి, ఆ పేర్లూ ఒకరిద్దరి ఫోను నంబర్లూ ఇంట్లో బైబిలు చివరి అట్టమీద, బంధువుల నంబర్లు వ్రాసుకునే చోటే, వ్రాసి పెట్టుకోండి.